తేదీ తీసేస్తే ఏం మిగులుతుంది?

మలేసియాలోని కౌలా సెలంగోర్‌కు జనం ముఖ్యంగా రెండు వింతలు చూడటానికి వస్తారు. ఒకటి, కాంపుంగ్ కువాంతాన్ దగ్గర సెలంగోర్ నది ఒడ్డున చెట్ల నిండా ఒకే లయలో వెలిగి ఆరే మిణుగురులు. రెండోది, సముద్రంలో పాటు వేళ కాసేపు బయటపడే ఇసుక మేట. దాని మీద నిలిచిన పల్చటి నీటిలో ఆకాశమంతా కనిపిస్తుంది కాబట్టి స్కై మిర్రర్ అంటున్నారు.

రెండింటికీ చంద్రుడితో లెక్క ఉంది. అమావాస్యకూ పున్నమికీ అటూ ఇటూగా ఆటుపోట్ల తేడా ఎక్కువ కాబట్టి ఇసుక మేట ఆ రోజుల్లోనే తేలుతుంది. మిణుగురులు ఏడాది పొడవునా ఉంటాయి గానీ నిండు వెన్నెలలో వాటి వెలుగు వెలవెలబోతుంది. అంటే అమావాస్య రోజుల్లో వచ్చినవారికి రెండూ బాగా దక్కుతాయి. పున్నమికి వచ్చినవారికి మిణుగురుల అందం సగమే. పంచాంగం చూసే అలవాటున్న తెలుగువారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

కాబట్టి అక్కడ పడవలు నడిపేవారు, హోటళ్లవారు, ట్రావెల్ ఏజెంట్లు చేసే ప్రచారంలో చాలా భాగం అప్పటికప్పుడు పుట్టేదే. "ఈ శనివారం పొద్దున పాటు బాగుంది, సీట్లు ఉన్నాయి" అనే పోస్టుకు ఆయుష్షు మూడు నాలుగు రోజులు. సోమవారం దాన్ని ఎవరూ చదవరు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పోస్టు చూసి రానివారి మనసులో ఏం మిగిలింది అన్నది పదేళ్ల వ్యాపారాన్ని నిర్ణయిస్తుంది. ఇవాళ్టి పోస్టు చూసిన వందమందిలో ఈ వారం బయలుదేరేది ఏ ఒకరిద్దరో. మిగిలినవారు ఎప్పుడో వచ్చే ఏడాది సెలవుల్లో ఎక్కడికి వెళ్దామా అనుకున్నప్పుడు ఈ ఊరు గుర్తుకు రావాలి.

ఏమని గుర్తుకు రావాలి? దీర్ఘకాలిక వ్యూహం అనే బరువైన మాటకు సులభమైన అర్థం ఇదే. కౌలా సెలంగోర్ విషయంలో ఆ జవాబు ప్రకృతే చెబుతోంది. మిణుగురు లార్వాలు ఒడ్డున తడి మట్టిలో పెరుగుతూ నత్తలను తిని బతుకుతాయి. పెద్దవయ్యాక బెరెంబాంగ్ అనే మడ చెట్ల మీదికి చేరతాయి. మగ, ఆడ పురుగులు ఒకదాన్నొకటి కనుక్కునేది ఆ వెలుగుతోనే. ఒడ్డు దాకా ఆయిల్ పామ్ తోటలు వేసినా, ఎగువన ఆనకట్టతో నీటి తీరు మారినా, దీపాల వెలుతురు పెరిగినా వాటి సంతతికి ముప్పే. అందుకే కాంపుంగ్ కువాంతాన్‌లో తెడ్డు పడవల్లో తిప్పుతారు, ఫ్లాష్ వేయవద్దంటారు. ఊరు అమ్ముతున్నది చీకటినీ, నిశ్శబ్దాన్నీ, బతికున్న పురుగుల వెలుగునీ.

ఇప్పుడు ఒక రీల్ ఊహించండి. రంగులు పెంచి, చెట్లన్నీ పెళ్లి పందిరి దీపాల్లా మెరిసేట్టు దిద్ది, ఆ వారం ఊపులో ఉన్న పాట కలిపి వదిలారు. లక్షమంది చూస్తారు. వచ్చినవారు నదిలో ఆకుల మధ్య సన్నగా మినుకుమనే చుక్కలు చూసి, ఫోన్లో పడటం లేదని ఫ్లాష్ వేస్తారు. వారికి నిరాశ, పురుగులకు హాని. ఆ వారం లెక్కల్లో మాత్రం రీల్ ఘన విజయం. తాత్కాలిక ప్రచారం వ్యూహానికి అడ్డం తిరగడమంటే ఇదే. ఇలాంటి విజయం కన్నా పదిమంది చూసిన నిజాయితీ పోస్టు మేలని నేను గట్టిగా నమ్ముతాను.

దేశం స్థాయిలోనూ ఈ పాఠం కనిపిస్తుంది. 1990ని మలేసియా పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ముందటి ఏడాది దాదాపు 48 లక్షలున్న పర్యాటకులు 74 లక్షలయ్యారు. 1991లో మళ్లీ 58 లక్షలకు తగ్గారు. గల్ఫ్ యుద్ధం దెబ్బా అందులో ఉంది గానీ, ఏడాది పండుగ ముగిశాక నిలబడే మాట ఒకటి ఉండాలన్నది స్పష్టం. 1999లో 'మలేసియా, ట్రూలీ ఏషియా' వచ్చింది. మలయ్, చైనీయ, భారతీయ జీవితాలు, ఇంకా ఎన్నో ఒకేచోట చూడొచ్చన్న ఆ మాటను తర్వాతి ఏళ్లలోనూ వదల్లేదు. 2007లో మరో పర్యాటక సంవత్సరం వచ్చినప్పుడు పర్యాటకులు రెండు కోట్లు దాటారు. 2020 పర్యాటక సంవత్సరం కోసం 2018లో కళ్లద్దాలు పెట్టుకున్న జంతువులతో లోగో తెస్తే జనం వెక్కిరించారు. 2019లో దాన్ని మార్చి మళ్లీ 'ట్రూలీ ఏషియా' దగ్గరికే వచ్చారు. 2020 సంవత్సరపు ప్రచారం కోవిడ్ వల్ల రద్దయింది. ఆ మాట మాత్రం రద్దు కాలేదు.

ఇంకా చక్కని ఉదాహరణ పెట్రోనాస్ పండుగ ప్రకటనలు. రంజాన్‌కు, దీపావళికి, చైనీయుల కొత్త సంవత్సరానికి, స్వాతంత్ర్య దినానికి ఆ చమురు సంస్థ లఘుచిత్రాల్లాంటి ప్రకటనలు ఇచ్చేది. చాలావాటిని తీసినది 2009లో కన్నుమూసిన దర్శకురాలు యాస్మిన్ అహ్మద్. పండుగ వెళ్లగానే ప్రకటన వెళ్లిపోతుంది. కానీ వాటిలో పెట్రోలు అమ్మకం గురించి మాటే ఉండదు. అమ్మానాన్నలను మరవొద్దు, మనుషుల మధ్య జాతి గోడలు కట్టొద్దు, ఇవే విషయాలు. 2007 స్వాతంత్ర్య దినానికి తీసినదాంట్లో ఓ చైనీయ పిల్లాడు తనకు మలయ్ స్నేహితురాలు ఎంత ఇష్టమో సిగ్గుపడుతూ చెబుతాడు. ఏ ఏటికి ఆ ఏడు కథ కొత్తది, దాని వెనక మనసు పాతదే.

చిన్న వ్యాపారి ఇందులోంచి తీసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. పోస్టులోంచి తేదీ, ధర, ఆఫర్ కొట్టేయండి. మిగిలిన దాంట్లో మీ గురించి ఒక్క విషయమైనా తెలుస్తోందా? "అమావాస్య ప్రత్యేకం, 20 శాతం తగ్గింపు" అన్నదాంట్లో ఏమీ మిగలదు. "ఈ అమావాస్యకు చీకటి బాగుంటుంది. మా పడవకు ఇంజిన్ లేదు, ఫోన్లు జేబులో పెట్టుకుని రండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగుతాం" అని రాస్తే, తేదీ పోయినా మనిషి కనిపిస్తాడు. పున్నమికి ముందు "ఇసుక మేటకు రండి, మిణుగురుల కోసమైతే పది రోజులు ఆగండి" అని రాసినవారి మాటను చదివినవారు తర్వాత కూడా నమ్ముతారు. ఆ వారం ఒకటి రెండు బుకింగులు తగ్గుతాయి, తగ్గనివ్వండి. గడువు తీరిన ధరల పోస్టులు తీసేసి, ఆటుపోట్ల గురించి వివరంగా రాసిన పేజీ ఒకటి ఎప్పటికీ ఉంచితే, ప్రతి కొత్త పోస్టూ అక్కడికి దారి చూపగలదు.

మన ఊళ్లలోని ఏజెంట్లకూ ఇది వర్తిస్తుంది. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా మలేసియా వెళ్లే వీలు వచ్చాక, "వీసా అక్కర్లేదు" అన్నదే చాలా ప్రకటనలకు తలకట్టు అయింది. ఆ సౌకర్యం ప్రభుత్వానిది, అందరు ఏజెంట్లకూ సమానం, రేపు మారనూవచ్చు. తన దగ్గరికే ఎందుకు రావాలో చెప్పని ఏజెంటు ఆ రోజు ఏం రాస్తాడు?

మన హోటళ్లకూ ఇదే లెక్క. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ పన్నెండు రోజులూ రాజమహేంద్రవరంలో గదులు ఎలాగూ నిండుతాయి, పోస్టు పెట్టినా పెట్టకపోయినా. స్నానం చేసి వెళ్లిన కుటుంబం ఆ శీతాకాలంలో మళ్లీ రావాలనుకునే హోటలు యజమాని, డిసెంబరు పొద్దున తన గట్టు మీంచి నది ఎలా ఉంటుందో పుష్కరాల పోస్టులోనే చూపించాలి. ఆ ఫొటో అంతకు ముందు శీతాకాలంలోనే తీసి పెట్టుకోవాలి.