ఆ ‘కావచ్చు’లో ఎన్ని మెట్లో!

‘మే’, ‘మైట్’, ‘కుడ్’, ‘మస్ట్’... చూడ్డానికి చిట్టి మాటలే. కానీ అవతలివాళ్లు చెప్పే సంగతిని ఎంతవరకూ నమ్మాలో తేల్చేది అవే. వాటిని పొరబడితే చాలు... అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోతుంది!

సాయంత్రం ఏడింటికి ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు చేతికొచ్చింది. డాక్టరమ్మ చూసేది మర్నాడు పొద్దున. అంతదాకా ఆగేదెవరు? ‘ఏం రాశారో చూడమ్మా’ అంటూ డిగ్రీ చదువుతున్న కూతురి చేతికిచ్చాడు తండ్రి. చివరి వాక్యం దగ్గర ఆ అమ్మాయి గొంతు ఆగిపోయింది. ‘ట్యూబర్‌క్యులోసిస్ కెనాట్ బీ రూల్డ్ అవుట్’ అని ఉందక్కడ. ‘టీబీ అట నాన్నా...’ అంది మెల్లగా. ఇంకేముంది, ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు డాక్టరమ్మ రిపోర్టు చూసి, ‘టీబీ ఉందని రాయలేదమ్మా. లేదని ఇప్పుడే చెప్పలేమన్నారు, అంతే. కఫం పరీక్ష చేయిద్దాం’ అంది.

ఈ కథకి ఏ ఊరి పేరైనా పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ రిపోర్టు వచ్చే ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఆ అమ్మాయికి వాక్యంలోని ప్రతి మాటకీ అర్థం తెలుసు. తెలియనిదల్లా, ఆ వాక్యం సంగతిని ఎంత గట్టిగా చెబుతోందన్నదే!

తెలుగులో అయితే తడుముకోం

నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. రాత్రి ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. ‘నాన్నే అయ్యుంటారు’ అంటుంది అమ్మ, రోజూ ఆయన వచ్చే వేళ అదే కాబట్టి. ‘కొరియర్ అబ్బాయి కావచ్చు’ అంటాడు తమ్ముడు. ‘పక్కింటి పిన్నిగారేమో’ అంటుంది చెల్లి. ‘అన్నయ్య మాత్రం అయ్యుండడు, వాడు బెంగళూరులో ఉన్నాడుగా’ అంటుంది నానమ్మ. గేటు చప్పుడు ఒక్కటే, నమ్మకాలు నాలుగు. ఎవరికెంత నమ్మకమో చిన్నపిల్లాడు కూడా ఇట్టే చెప్పేస్తాడు.

ఇంగ్లిష్‌లోనూ అవే మెట్లు. అమ్మ మాట ‘ఇట్ మస్ట్ బీ నాన్న’. తమ్ముడిది ‘ఇట్ మే బీ ద కొరియర్ బాయ్’. చెల్లిది ‘ఇట్ మైట్ బీ ద నైబర్’. నానమ్మది ‘ఇట్ కాంట్ బీ అన్నయ్య’. ‘మైట్’ది ‘మే’ కన్నా ఒకింత తక్కువ నమ్మకమని పుస్తకాలు చెబుతాయి. రోజువారీ మాటల్లో మాత్రం ఆ తేడా చాలా స్వల్పం. ఒకదాని బదులు ఒకటి వాడినా ఎవరూ తప్పు పట్టరు.

మరి చిక్కెక్కడ? ఈ మాటలతో మన తొలి పరిచయం వేరే పని మీద జరగడంలో! ‘మే ఐ కమిన్ సర్’ అంటూ తరగతి గుమ్మం దగ్గర నేర్చుకున్నాం కాబట్టి ‘మే’ అంటే అనుమతి. ‘మస్ట్’ అంటే తప్పనిసరి. ‘కుడ్’ అంటే ‘కెన్’కి భూతకాలం. ఇవన్నీ నిజమే, కానీ సగం నిజం. ప్రయాణం చేసి వచ్చినవాళ్లతో ‘యూ మస్ట్ బీ టైర్డ్’ అంటే, అలసిపోయి తీరాలన్న ఆజ్ఞ కాదుగా... ‘పాపం, అలసిపోయి ఉంటారు’ అన్న పలకరింపు! ‘ఇట్ కుడ్ రెయిన్ టుమారో’లోని ‘కుడ్’కి నిన్నటితో సంబంధమే లేదు. రేపు వాన పడొచ్చని చెప్పడమే.

‘కెన్’ కథ వేరు

అవకాశాన్ని చెప్పేటప్పుడు ‘కెన్’, ‘మే’ ఒకటే అనుకుంటారు చాలామంది. ‘సైక్లోన్స్ కెన్ హిట్ ద ఆంధ్రా కోస్ట్ ఇన్ అక్టోబర్’ అంటే అక్టోబర్లో తుపాన్లు రావడం ఉన్నదేనని. అది ఎప్పుడూ ఉండే ముప్పు. 2014 అక్టోబర్ 12న విశాఖను కకావికలు చేసిన హుద్‌హుద్ అందుకు సాక్ష్యం. అదే ‘ఎ సైక్లోన్ మే హిట్ ద కోస్ట్ టుమారో’ అన్నారనుకోండి... రేపటి సంగతి, పడవలు ఒడ్డుకు చేర్చుకోవాల్సిన సంగతి. మొదటిది పాఠం, రెండోది హెచ్చరిక.

‘నాట్’ చేరితే...

‘రావచ్చు’ అన్న మాటలో అనుమతీ ఉంది, అవకాశమూ ఉంది. కాదనాల్సి వచ్చినప్పుడు తెలుగు ఆ రెంటినీ చక్కగా విడదీస్తుంది. అవకాశమైతే ‘రాకపోవచ్చు’, అనుమతి అయితే ‘రాకూడదు’. ఇంగ్లిష్ ‘మే నాట్’ మాత్రం రెండు పనులూ చేస్తుంది. అందుకే ఫలానా ఆయన మీటింగుకి రాకపోవచ్చని చెప్పాలంటే ‘హీ మైట్ నాట్ కమ్’ అనడం మేలు. రావద్దన్నారని ఎవరూ అపార్థం చేసుకోరు.

ఇంకో గొయ్యి ఉంది. ‘హీ మైట్ నాట్ బీ ఎట్ హోమ్’ అంటే ఇంట్లో లేకపోవచ్చు. ‘హీ కుడ్‌న్ట్ బీ ఎట్ హోమ్’ అంటే ఇంట్లో ఉండే అవకాశమే లేదు. ‘నాట్’ లేనప్పుడు అక్కాచెల్లెళ్లలా ఉండే ‘మైట్’, ‘కుడ్’ అది చేరగానే చెరో దారి పడతాయి!

జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడు మరీ జాగ్రత్త. కాలవలో ఈతకెళ్లిన కుర్రాడు కనిపించడం లేదు. ‘హీ మే హ్యావ్ డ్రౌన్డ్’ అంటే మునిగిపోయాడేమోనన్న భయం, వెతుకులాట ఇంకా సాగుతోంది. పిల్లాడు క్షేమంగా ఇల్లు చేరాక వాడాల్సింది ‘హీ కుడ్ హ్యావ్ డ్రౌన్డ్’. అంటే, కొద్దిలో తప్పింది, లేకపోతే మునిగిపోయేవాడేనని. ఊరి నుంచి ఫోన్లో చెప్పే కబురులో ఈ రెండూ తారుమారైతే అవతల గుండె ఆగినంత పనవుతుంది.

పుట్టి పెరిగినవాళ్లకూ తిప్పలే

ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లకి ఈ తడబాటు ఉండదనుకుంటే పొరపాటే. 1951లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఓ నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది యుగోస్లావియా మీద దాడి జరగడాన్ని ‘సీరియస్ పాసిబిలిటీ’గా భావించాలన్నది దాని సారాంశం. అంటే ఎంత అవకాశమని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, నూటికి 65 పాళ్లు జరగొచ్చని చెప్పాడు నివేదిక వెనకున్న షెర్మన్ కెంట్. అంత ఎక్కువా అని ఆ అధికారి తెల్లబోయాడట. కెంట్‌కి అనుమానం వచ్చి తన సహచరుల్నే అడిగి చూశాడు. ఒకరి లెక్కలో 20 పాళ్లు, మరొకరి లెక్కలో 80! అందరూ కలిసి ఒప్పుకున్న మాటే, అర్థం మాత్రం ఎవరిది వారిదే. ఈ ముచ్చటను కెంట్ 1964లో ఓ వ్యాసంలో తనే రాసుకొచ్చాడు.

అందుకే ‘మే’ వినపడినప్పుడు అది ఖాయమనీ అనుకోకూడదు, కాదనీ కొట్టిపారేయకూడదు. బిస్కట్ ప్యాకెట్ మీద ‘మే కంటైన్ నట్స్’ అని ఉంటే అందులో పప్పులు వేశారని కాదు, కలిసి ఉండొచ్చని. మామూలువాళ్లకి అది పట్టని మాట, పప్పులు పడనివాళ్లకి ప్రాణం మీది మాట. జలుబు మాత్రల అట్ట మీది ‘మే కాజ్ డ్రౌజీనెస్’ కూడా అంతే. నిద్ర వచ్చి తీరుతుందని కాదు, కానీ బండి తాళం పక్కన పెట్టమని. నమ్మకం ఎంతన్నది తేలకపోతే ‘హౌ లైక్లీ ఈజ్ ఇట్’ అని అడిగేయడమే. అందులో నామోషీ ఏమీ లేదు.

ఈ తప్పులు దిద్దుకుంటే చాలు

• ‘మైట్ బీ హీ విల్ కమ్’ అనడం మనకు అలవాటు. ‘హీ మైట్ కమ్’ అన్నా, ‘మేబీ హీ విల్ కమ్’ అన్నా సరిపోతుంది.

• ‘మే కమ్స్’, ‘మే కేమ్’ ఉండవు. ఈ మాటల తర్వాత క్రియ ఏ తోకా లేకుండా రావాలి... ‘మే కమ్’.

• ‘మేబీ’ అని కలిపి రాస్తే బహుశా. ‘మే బీ’ అని విడదీస్తే కావచ్చు.

• అయ్యుంటుందనే ‘మస్ట్ బీ’కి వ్యతిరేకం ‘కాంట్ బీ’. ‘మస్ట్ నాట్’ అంటే కూడదని.

మళ్లీ ఆ ఇంటికే వెళ్తే... వారం తిరక్కుండానే పరీక్షలన్నీ అయ్యాయి. టీబీ లేదని తేలింది. ఎక్స్‌రేలో కనిపించింది ఎప్పుడో మానిపోయిన పాత మచ్చ. ‘ఉందని కాదు నాన్నా, ఇంకా తేలలేదని రాశారు’ అన్న ఒక్క మాట ఆ రాత్రి చెప్పి ఉంటే, నలుగురూ కాస్త అన్నం తిని పడుకునేవారు. ఆ అమ్మాయి ఇప్పటికీ అదే తలచుకుంటుంది... ‘ఐ కుడ్ హ్యావ్ టోల్డ్ హిమ్’ అని!