గృహిణికి గ్రంథపఠన నియమము

గ్రంథపఠనము మంచిదని చెప్పనివారు లేరు. మంచిదని యెరిగియు చదువనివారే మెండు. చదువు రానివారిని గూర్చి మేమిక్కడ మాటాడుట లేదు. చక్కగా చదువ నేర్చియు, ఇంట నాలుగు మంచి పుస్తకములుండియు, వానిని సరస్వతీపూజనాడు మాత్రమే చేతబట్టువారిని గూర్చియే మా మనవి. మొన్నమొన్నటివరకు మేమును అట్టివారమే.

మా తండ్రిగారు బాల్యమున మాకు ఇంటివద్దనే అమరమును, బాలవ్యాకరణమును, భారత భాగవతములలోని కొన్ని ఘట్టములను చెప్పిరి. వివాహమై, మావారి బడి యుద్యోగమును బట్టి ఈ వర్నికి కాపురము వచ్చునప్పుడు, చీరల పెట్టెతోపాటు పుస్తకముల పెట్టెయు మాతో వచ్చినది. చీరల పెట్టెను తెరచినన్ని మారులు పుస్తకముల పెట్టెను తెరువలేదు. అట్లు పదేండ్లు గడచినవి.

ఒక శ్రావణమాసపు సాయంకాలమున మా పెద్దమ్మాయి పాఠములోని తిక్కనగారి పద్యమొకటి తెచ్చి అర్థము చెప్పుమనెను. ఇదెంత పని యని ఆరంభించితిమి. రెండవ పాదము దాటునప్పటికి క్రియ యెక్కడనో, కర్త యెవరో తెలియక తడబడితిమి. "పోనీలే అమ్మా, నాయన వచ్చినాక అడుగుతాను" అని బిడ్డ పుస్తకము మూసెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది మమ్మెక్కువ నొప్పించెను. ఆ రాత్రి పెట్టె తెరచి చూడగా భారతము అట్టకు చెదలు పట్టియుండెను. తండ్రి పదేండ్లు శ్రమపడి కూర్చియిచ్చిన దానిని మేము పదేండ్లలో పోగొట్టుకొంటిమి. ఇక మా బిడ్డల కేమి మిగిల్తుము?

తీరిక లేదనుట మన వాడుక. మేమును అట్లే యనుకొంటిమి. కాని ఒక వారము దినములు కాగితముపై లెక్క వ్రాసి చూడగా, ఫోను చేతబట్టి ఇవియు అవియు చూచిన కాలమే దినమునకు గంటకు తక్కువ కాలేదు. మాకు లేనిది తీరిక కాదు, నిలుకడ. తునకలు తునకలుగా చూచుట కలవాటుపడిన మనస్సు నాలుగు పాదముల పద్యమున నిలువజాలదు. ఈ దోషమును ఫోనుపైననే మోపుట న్యాయము కాదు. వారపత్రికలలోని ధారావాహిక నవలలతోనే తృప్తిపడిన కాలమునను ఇది యుండినదే. తేలిక చదువు తప్పని మేమనము. ఫలహారము భోజనము కాదని మాత్రమే మా మాట.

మా ప్రాంతపు సేద్యమే మాకు దారి చూపినది. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ఈ నేల తీరునే మార్చినది. ఆ నీటిని నమ్మి కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి కాంపులు కట్టుకొనిరి. ఆ నీట పెరిగిన చెరకును నమ్మి 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది. కర్మాగారము 2015లో మూతపడినది గాని కాలువనీటి మర్యాద రైతులు మరువలేదు. నీరు చాలనప్పుడు వంతులవారీగా విడుతురు. తన వంతు వచ్చినప్పుడు అర్ధరాత్రియైనను రైతు పార భుజమున వేసికొని మడికి పోవును. తీరికైనప్పుడు పెట్టుకొందునన్నవాని మడి ఎండిపోవును. గృహిణి చదువునకును ఇట్టి వంతు ఒకటి కావలెను.

ఇంటి బరువు మోయుచు చదువుట సాధ్యమా యని అడుగువారికి భండారు అచ్చమాంబగారి చరిత్రమే సమాధానము. ఆమె 1874లో నందిగామ ప్రాంతమందలి పెనుగంచిప్రోలున జన్మించెను. బడికి పోయినది లేదు. బాల్యముననే వివాహమై మధ్యపరగణాలలో ఉద్యోగము చేయుచున్న భర్తతో కాపురమున కేగెను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువు నిమిత్తము ఆమె యింటనుండగా, అతనితోపాటు తానును చదువు సాగించి తెలుగు, హిందీ, మరాఠీ మొదలగు భాషలలో గ్రంథములు చదువగల్గెను. కన్నబిడ్డలు పసితనముననే పోయినను పుస్తకమును విడువలేదు. ఆ పఠనమునుండియే అబలాసచ్చరిత్రరత్నమాల పుట్టినది. దాని మొదటి భాగము 1901లో వెలువడినది. 1905లో ఆమె మరణించునాటికి వయస్సు ముప్పదియొకటియైనను నిండలేదు. మన యీడుననే, ఇంకను తక్కువ యీడుననే, ఆమె ఇంతపని చేసి వెళ్లెను.

మన తెలంగాణములో వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఒక ఉపాధ్యాయుని ఇంట పని చేయుచు చదువు నేర్చిరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఇల్లిల్లు తిరిగి అమ్మిరి. నిజాం పాలన తుది దినములలో ఆయనయు, దాశరథి కృష్ణమాచార్యులుగారును మన నిజామాబాదు కోటలోని చెరసాలలో నుండిరి. అచట దాశరథిగారు బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసిరని ప్రసిద్ధి. కాగితమునకు బదులు గోడయే చాలిన ఆ చెరసాల ఉన్న జిల్లాలో, ఇంటినిండ పుస్తకములుంచుకొని మనము తీరిక లేదనుట యెంతవరకు తగును?

ఇక మా నియమము చెప్పెదము. మొదట రాత్రి పనులన్నియు ముగిసిన పిమ్మట చదువుదమనుకొంటిమి. మూడవనాటికే నిద్ర గెలిచినది. అన్ని పనులు తీరిన పిమ్మట మిగులునది అలసటయే గాని సమయము కాదు. కావున మావారును పిల్లలును బడికి వెడలిన వెంటనే, అంట్లు ముట్టకముందే అరగంట చదువునకు నిర్ణయించితిమి. ఫోను వేరొక గదిలో నుంచితిమి.

పుస్తకము ఒక్కటే యెన్నుకొంటిమి. తిక్కనగారు రచించిన పదునైదు పర్వములలో మొదటిదైన విరాటపర్వము. వానలకై దీనిని చదివించుట మన పల్లెల ఆచారము గనుక అది ఎవరికిని కొత్తది కాదు. దినమునకు పది గద్యపద్యములు, ఎక్కువ వద్దు. ప్రతి పద్యమును మొదట బిగ్గరగా చదువవలెను. పిదప క్రియను వెదకవలెను. క్రియ దొరకిన కర్త తానే వచ్చును. తెలియని ప్రతి పదమునకు నిఘంటువు తెరచినచో కథ తెగును. కావున పెన్సిలుతో గురుతు పెట్టి, తుదిని ముఖ్యములగు మూడు పదములను మాత్రము శబ్దరత్నాకరమున చూచితిమి. చదివిన దానిని సొంత మాటలలో రెండు పంక్తులు వ్రాసికొంటిమి. వ్రాయలేకపోయిన నాడు చదువలేదనియే లెక్క. పండుగలవలనను, పిల్లల జ్వరములవలనను తప్పిన దినములకు మరునాడు రెట్టింపు చదువబూనలేదు. బాకీ పెరిగినచో భయము పుట్టి పుస్తకమే మూతపడును. ఆగిన చోటనుండి పది పద్యములు చదివితిమి, అంతియే.

"అంట్లు అట్లే పెట్టి పుస్తకమేంది?" అని మా అత్తగారు రెండు దినములు చూచి అడిగిరి. ఆమెకు అక్షరములు రావు. వాదింపక, చాప ఆమె మంచము చెంతనే పరచి బిగ్గరగా చదివి అర్థము చెప్పితిమి. సైరంధ్రియై పరుల యింట కొలువు చేయుచున్న ద్రౌపది కష్టము ఆమెకు మాకంటె బాగుగ తెలిసినది. ఒకనాడు మేము ఆలస్యము చేయగా, "ఏమమ్మా, ఇయ్యాల చదువవా? ఆ కీచకుని సంగతి ఏమాయె?" అనిరి. నాటినుండి మా నియమమునకు కావలి ఆమెయే.

ఐదాశ్వాసములకు ఏడు మాసములు పట్టినవి. పిదప పద్యమునుండి గద్యమునకు మారి, 1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను పట్టితిమి. రాజుల యుద్ధములు గాక, మన పూర్వులు తినిన తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు కావ్యములనుండి వెదకి తీసి చూపిన గ్రంథమది. పద్యములతో పరిచయము కలిగిన పిమ్మట దాని రుచి ఇనుమడించును. గద్యమైనచో దినమునకు పది పుటలు. మున్నూరు పుటల పుస్తకము నెలకు ముగియును.

మా బిడ్డ యడిగిన ఆ పద్యమునకు అన్వయము ఇప్పుడు చెప్పగలము. కాని బిడ్డ ఆ తరగతి దాటిపోయినది. ఆ సాయంకాలము మరల రాదు. అయినను మొన్న మరియొక పద్యము తెచ్చి, నాయన ఇంటనుండగనే మా చెంత కూర్చుండెను. ఇద్దరము కలిసి క్రియను వెదకితిమి.

సోదరీమణులారా, రేపటి పనులలో ఒక అరగంటను మీ వంతుగా నేడే గురుతు పెట్టుకొనుడు. ఒక్క పుస్తకము తీయుడు. అంట్లు కొంతసేపు వేచియుండును గాని బిడ్డల బాల్యము వేచియుండదు.