బ్యాకప్‌కు ఏ తాళంచెవి ఇస్తున్నారు?

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద ముందుకు వెళితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. తుర్కపల్లి, లాల్‌గడి మలక్‌పేట్ పరిసరాల్లో 1999 నుంచి పెరుగుతూ వచ్చిన ఈ ప్రాంతంలో టీకాలు, మందులతో పాటు సమాచారం కూడా రోజూ కుప్పలుగా తయారవుతుంది. ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఒక మందు నమూనాను పరీక్షించి గీసే ప్రతి గ్రాఫూ ఒక ఫైలే. అది పోతే ఆ బ్యాచ్ నాణ్యతకు రుజువు పోయినట్టే. అమెరికాకు మందులు పంపే సంస్థలు కంప్యూటర్ రికార్డులకు బ్యాకప్ ఉంచి తీరాలనీ, ఆ బ్యాకప్‌ను ఎవరూ మార్చకుండా, పొరపాటున చెరపకుండా కాపాడాలనీ అక్కడి ఔషధ నిబంధనల్లోనే రాసి ఉంది.

అవి పోతాయన్న భయం ఊహాజనితం కాదు. 2017 మేలో వానాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ పాకింది. 2020 అక్టోబర్ 22న హైదరాబాద్‌కు చెందిన మందుల సంస్థ డాక్టర్ రెడ్డీస్ సైబర్ దాడిని గుర్తించి తన డేటా సెంటర్ సేవలన్నిటినీ నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది. స్పుత్నిక్-వి కరోనా టీకా పరీక్షలకు ఆ సంస్థకు అనుమతి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఇలాంటి వైరస్‌లు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్‌ను కూడా వదలవు. ఒక కాపీ ఊరి బయట, ఇంకొకరి భవనంలో ఉండాల్సింది అందుకే.

ఆ భవనం ఇప్పుడు మరీ దూరం కాదు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్‌ను, అంటే ఇక్కడి డేటా సెంటర్ల సముదాయాన్ని, ప్రారంభించింది. దాని సాంకేతిక నామం ఏపీ-సౌత్-2. అయితే ఖాతా తెరిచిన వెంటనే ఇది పనిచేయదు. 2016లో వచ్చిన ముంబై రీజియన్ మొదటి నుంచే తెరిచి ఉంటుంది, హైదరాబాద్‌ను మాత్రం ఖాతా సెట్టింగ్స్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. ఈ సంగతి తెలియక పాస్‌వర్డ్ తప్పేమోనని తల పట్టుకునేవారు ఉంటారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పాతదైతే దాని జాబితాలో హైదరాబాద్ పేరే కనిపించకపోవచ్చు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ డ్రైవ్ లాంటి ఖాతాకు కలపడం తేలిక. బ్రౌజర్ తెరుచుకుంటుంది, లాగిన్ అయి అనుమతి ఇస్తే చాలు. పాస్‌వర్డ్ గూగుల్‌కే తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్ చేతికి ఒక టోకెన్ మాత్రమే వస్తుంది. ఇష్టం లేనప్పుడు దాన్ని రద్దు చేసుకోవచ్చు. అమెజాన్ నిల్వ సేవ ఎస్3లో అయితే ముందు బకెట్ అనే నిల్వ స్థలం సృష్టించాలి, తర్వాత యాక్సెస్ కీ, సీక్రెట్ కీ అనే జంటను సాఫ్ట్‌వేర్‌లో అతికించాలి. సీక్రెట్ కీ తెరమీద ఒక్కసారే కనిపిస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. చాలామంది తొందరలో ఖాతా యజమాని కీనే ఇచ్చేస్తారు. ఇంటి పనికి వచ్చినవారికి బీరువా తాళాలన్నీ అప్పగించడం లాంటిదే ఇది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లోకి చొరబడినవాడికి క్లౌడ్‌లోని బ్యాకప్ కూడా చిక్కుతుంది. దాన్ని చెరిపేశాకే డబ్బు అడుగుతాడు. అందుకే బ్యాకప్ కోసం విడిగా ఒక యూజర్‌ను పెట్టి, ఆ ఒక్క బకెట్ వరకే హక్కులు ఇవ్వాలి. బకెట్‌కు వెర్షనింగ్ ఆన్ చేయాలి. అప్పుడు చెరిపేసినా పాత ప్రతి లోపల అలాగే ఉంటుంది, పైన తొలగించినట్టు ఒక గుర్తు మాత్రమే పడుతుంది. పాత ప్రతులను శాశ్వతంగా తీసేసే హక్కు ఆ యూజర్‌కు ఇవ్వకూడదు. ఇంకా గట్టి రక్షణ కావాలంటే ఆబ్జెక్ట్ లాక్ ఉంది, పెట్టిన గడువు తీరేదాకా ఫైలును చెరపనివ్వదు. ఈ పనికి పట్టేది కాస్త సమయమే, కానీ దాడి జరిగిన రోజున బ్యాకప్ మిగిలేది దీనివల్లే.

బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేయాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, చేయడమే మంచిది. అందుకు పెట్టిన పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం అమెజాన్ కూడా ఫైళ్లు తెరిచి ఇవ్వలేదు. కాగితం మీద రాసి ఆఫీసులో కాకుండా వేరేచోట దాచాలి.

మొదటి అప్‌లోడ్‌కు ఓపిక కావాలి. సెకనుకు 100 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా అందినా ఒక టెరాబైట్ వెళ్లడానికి 22 గంటలకు పైగా పడుతుంది. ఆ తర్వాత మారిన భాగాలే వెళతాయి. చవకగా వస్తుందని ఎస్3లోని డీప్ ఆర్కైవ్ నిల్వ తరగతిని ఎంచుకునేవారు, వెనక్కి తీసుకోవడానికి ఎంచుకున్న పద్ధతిని బట్టి 12 లేదా 48 గంటల దాకా పట్టవచ్చని ముందే తెలుసుకోవాలి.

ఇక చివరి పరీక్ష. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఎస్3లోని బ్యాకప్ కోసం వెతికితే బకెట్ ఖాళీగా ఉంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ చాలా రోజులుగా విఫలమవుతోంది, ఆ హెచ్చరిక మెయిళ్లూ చేరాల్సినవారికి చేరలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన కాపీతో బయటపడ్డారు. కనెక్ట్ అయిందని సాఫ్ట్‌వేర్ పచ్చగుర్తు చూపితే తాళం పట్టిందని మాత్రమే అర్థం. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వేసి, కాగితం మీది పాస్‌వర్డ్ కొట్టి, ఏదో ఒక ఫోల్డర్‌ను క్లౌడ్ నుంచి దించి, అందులో ఒక ఫైలు తెరిచి చూడాలి.