ఎదురుగాలి తాగేసే ఇంధనం

మూలపేటలో వేటకెళ్ళే మోటారు పడవ ఎదురుగాలిలో అదే దూరానికి ఎక్కువ డీజిలు తాగుతుంది కదా! విమానమూ అంతే.

గంటకు 30 లీటర్లు తాగే చిన్న విమానంలో 90 లీటర్లున్నాయనుకోండి. మూడు గంటలు ఎగరగలదు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో 360 కిలోమీటర్లు వెళ్ళడానికి రెండు గంటలు చాలు. మరి 60 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి వీస్తే? నేలమీది వేగం 120. ప్రయాణం మూడు గంటలు. చేరేసరికి ట్యాంకు ఖాళీ!

పెద్ద విమానాలకూ ఈ లెక్క తప్పదు. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్, హైదరాబాదులో రన్‌వే సరిగా కనబడక వెనుదిరిగింది. దిగడానికి చాచిన రెక్కల ఫ్లాపులు మళ్ళీ ముడుచుకోలేదు. గాలి నిరోధం పెరిగి, ఇంధనం దారిలోనే అయిపోయింది. తిరుపతి దగ్గర వరిపొలంలో దించారు. అదృష్టం, 262 మందీ బతికారు.

పగటిపూట ఎగిరే చిన్న విమానంలో గమ్యం చేరాక కూడా అరగంటకు సరిపడా ఇంధనం మిగలాలని నియమం. మన లెక్కలో అది మరో 15 లీటర్లు.