పంపు మీద నేరం మోపేముందు

పాత డీజిల్ కారు మొరాయించిందంటే ఎవరి నోటనైనా మొదట వచ్చే మాట 'పంపు పోయింది'. దాన్ని విప్పి షాపులో ఇస్తారు, కాలిబ్రేషన్ చేయించి తెచ్చి బిగిస్తారు, చేతిలో వేలకు వేలు కరుగుతాయి. మర్నాడు పొద్దున బండి మళ్ళీ అదే పాట పాడుతుంది. చివరికి చూస్తే పగిలిన రబ్బరు గొట్టం. డీజిల్ వ్యవస్థ మొత్తంలో ఖరీదైన భాగం ఇంజెక్షన్ పంపే. సాధారణంగా ఆఖరున చెడేది కూడా అదే. కాబట్టి వెతుకులాట టాంకు దగ్గర మొదలుపెట్టి, డీజిల్ ఏ దారిన వెళ్తుందో ఆ దారినే పంపు దాకా రావాలి.

ఇక్కడ చెప్పేది మెకానికల్ పంపు ఉన్న బళ్ళ గురించి: డీజిల్ అంబాసిడర్, 1998 డిసెంబరులో టాటా వాళ్ళు తెచ్చిన 1405 సీసీ ఇండికా, ఆ కాలపు జీపులు. తర్వాత వచ్చిన కామన్ రైల్ బళ్ళకు కొన్ని పరీక్షలు పనికిరావు, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. ప్రాణం మీదికి తెచ్చేది వచ్చిన చోట చెబుతాను.

డీజిల్ ఇంజన్లో చిన్న లోపానికే అంత గొడవ ఎందుకు?

పెట్రోలు ఇంజన్లో మంట పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంది. డీజిల్‌లో అది లేదు. సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే (ఇండికాలాంటి పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇరవై రెట్లకు పైగా) ఆ గాలి వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పంపు డీజిల్‌ని నాజిల్ గుండా సన్నగా చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే ఇంధనం ఇవ్వడం, మంట ఎప్పుడు రేగాలో తేల్చడం, యాక్సిలరేటర్ మాట వినడం, మూడు పనులూ ఒకే పంపుకి అప్పజెప్పారు. ఈ పంపుల్ని వేల సంఖ్యలో తయారుచేయడం 1927లో జర్మనీలోని బాష్ కంపెనీ మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో పుట్టిన బెంగళూరు కంపెనీ మైకో వాటిని చేసింది. 2008లో మైకో పేరు కూడా బాష్‌గా మారిందిగానీ, పాత పంపుల మీద ఆ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒక్కసారి చిమ్మే డీజిల్ ఎంతో తెలుసా? ఇంత చిన్న ఇంజన్లో పూర్తి బరువు లాగుతున్నప్పుడు కూడా చుక్కలో సగం, అంతే. ఆ సగం చుక్కని నూట ఇరవై, నూట యాభై బార్‌ల ఒత్తిడికి తీసుకెళ్తేగానీ నాజిల్ తెరుచుకోదు. మధ్యలో చిన్న గాలి బుడగ చేరిందనుకోండి. డీజిల్ నలగదు, గాలి నలుగుతుంది. పంపు ప్లంజర్ ముందుకు కదిలినా ఆ బలమంతా బుడగని కుదించడంలోనే పోతుంది. నాజిల్ నోరు తెరవదు, బండి స్టార్ట్ కాదు. పంపులో ఏ తప్పూ లేదు.

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. మొదట చూడాల్సిందేమిటి?

సైలెన్సర్ గొట్టం. ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు వెనక నిలబడి పొగ వస్తోందా లేదా చూడాలి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

కళ్ళు మండించే తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, మండటం లేదంతే. అప్పుడు అనుమానం హీటర్ ప్లగ్‌ల మీదికి, ఆ తర్వాత పంపు టైమింగ్ మీదికి, కంప్రెషన్ మీదికి పోవాలి. హీటర్ ప్లగ్ తీగ విప్పి మల్టీమీటరుతో చూస్తే మంచి ప్లగ్ ఒకటి రెండు ఓమ్‌లకు మించి చూపదు. కాలిపోయినది అసలు చూపదు. నాలుగింటిలో రెండు పోయినా మన మే నెలలో ఎవరికీ తెలియదు. ఇది డిసెంబరులో, అదీ ఆదిలాబాద్ వైపో అరకు వైపో వెళ్ళినప్పుడు బయటపడే జబ్బు.

పొగే లేదంటే డీజిల్ చేరడం లేదు. ఇక్కడ కూడా ముందు పంపుని అనకండి. రోటరీ పంపు మీద స్టాప్ సోలినాయిడ్ అని చిన్న భాగం ఒకటుంటుంది. తాళం వేసినప్పుడు కరెంటు వచ్చి డీజిల్ దారి తెరుస్తుంది, తాళం తీస్తే మూసేస్తుంది. ఇంజన్ ఆగేది అలాగే. సెల్ఫ్ కొట్టకుండా తాళం 'ఆన్' దాకా తిప్పి చెవి ఒగ్గితే 'టిక్'మని వినిపించాలి. వినిపించకపోతే తీగ ఊడిందో, ఫ్యూజు పోయిందో, సోలినాయిడే పోయిందో. బ్యాటరీ నుంచి ఒక తీగ నేరుగా దానికి ఇచ్చి చూస్తే తేలిపోతుంది. ఈ ఒక్క 'టిక్' వినకపోవడం వల్ల విప్పిన పంపులు ఎన్నో.

రాత్రి బాగా నడిచిన బండి తెల్లారేసరికి ఎందుకు మొండికేస్తుంది?

పాత డీజిల్ బళ్ళకు వచ్చే జబ్బుల్లో ఇదే ఎక్కువ, దీన్నే తప్పుగా చదువుతారు కూడా. పొద్దున పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొడితేగానీ అందుకోదు. లేదా అందుకుని, నాలుగు క్షణాలు తిరిగి, ఆగిపోతుంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక రోజంతా ఏ పేచీ లేదు.

రోటరీ పంపు ఉన్న చాలా కార్లలో టాంకు దగ్గర వేరే పంపు ఉండదు. ముందున్న ఇంజెక్షన్ పంపే తన లోపలి వేన్ పంపుతో వెనక టాంకు నుంచి డీజిల్‌ని పీల్చుకోవాలి. కాబట్టి టాంకు నుంచి పంపు వరకు ఉన్న గొట్టాల్లో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడ చీలిక పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. చిల్లుపడిన స్ట్రాతో కొబ్బరిబొండాం తాగితే జరిగేది ఇదే. అందుకే కింద ఒక్క మరక కూడా కనపడదు, 'ఎక్కడా లీకేజీ లేదండీ' అని మెకానిక్ నిజాయితీగానే చెబుతాడు. బండి నిలిపి ఉంచిన రాత్రంతా ఆ చీలిక గుండా గాలి చేరి, గొట్టాల్లో ఉన్న డీజిల్ మెల్లగా టాంకులోకి జారిపోతుంది.

దీన్ని పైసా ఖర్చు లేకుండా పట్టుకోవచ్చు. వాలుగా ఉన్న చోట ఒక రాత్రి ముందు భాగం కిందికి ఉండేలా, మరో రాత్రి పైకి ఉండేలా బండి నిలపండి. ముక్కు కిందికి ఉన్న పొద్దున చటుక్కున అందుకుని, పైకి ఉన్న పొద్దున మొండికేస్తే గాలే దోషి. ముక్కు కిందికి ఉంటే టాంకు ఎత్తున ఉంటుంది, డీజిల్ వెనక్కి జారదు.

తర్వాత చోటు పట్టాలి. ఫిల్టరులోకి వచ్చే గొట్టం స్థానంలో ఒక జానెడు పారదర్శక గొట్టం, ఫిల్టరు నుంచి పంపుకి వెళ్ళే చోట మరొకటి బిగించి ఇంజన్ నడిపించండి. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు బుడగలు వస్తే పట్టించుకోనక్కర్లేదు. ఆగకుండా వస్తుంటేనే లెక్క. మొదటి గొట్టంలోనే బుడగలుంటే తప్పు టాంకు వైపుది. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదాంట్లో కనిపిస్తే తప్పు ఫిల్టరుది, ముఖ్యంగా దాని రబ్బరు రింగుది. ఫిల్టరు మార్చిన మర్నాటి నుంచే జబ్బు మొదలైతే రింగు మెలిపడిందనే అనుకోవాలి. రెండూ శుభ్రంగా ఉండి కూడా పొద్దున పేచీ తప్పకపోతే, ఇంజెక్టర్లను కలుపుతూ పోయే గుడ్డ తొడుగు ఉన్న సన్నటి రిటర్న్ గొట్టాలు చూడండి. ఇంజన్ వేడికి అవి ఎండి బీటలు వారతాయి. అడుగు గొట్టం ధర టీ టిఫిన్ ఖర్చంత కూడా ఉండదు.

ఇక ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష డబ్బా పరీక్ష. శుభ్రమైన డబ్బాలో రెండు లీటర్ల డీజిల్ పోసి, పంపుకంటే ఎత్తులో కదలకుండా నిలపండి. ఫ్యాను రెక్కలకు, వేడి మానిఫోల్డుకు దూరంగా ఉండాలి, అది మరిచిపోవద్దు. పంపుకి డీజిల్ వచ్చే గొట్టాన్నీ, పంపు నుంచి తిరిగి వెళ్ళే గొట్టాన్నీ ఈ డబ్బాలోనే పెట్టి, గాలి తీసి, స్టార్ట్ చేయండి. ఇంజన్ చక్కగా నడిచిందా, పంపు నిర్దోషి. లోపం టాంకు, గొట్టాలు, ఫిల్టరు, వీటిలో ఎక్కడో ఉంది. డబ్బాతో కూడా అదే తంతు అయితే అప్పుడు పంపు, నాజిళ్ళ గురించి మాట్లాడుకోవచ్చు. అరగంట పని. పంపు విప్పడానికి పట్టే సమయంలో పదో వంతు కాదు.

గాలి ఎలా తీయాలి?

టాంకు ఖాళీ అయ్యాక డీజిల్ పోసినా బండి కదలకపోవడానికి కారణం పైన చెప్పిన బుడగే. చాలా బళ్ళలో ఫిల్టరు మీదో పక్కనో చేత్తో నొక్కే ప్రైమర్ ఉంటుంది. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా నొక్కి, బిగించాలి. అయినా అందుకోకపోతే రెండు ఇంజెక్టర్ల దగ్గర యూనియన్ నట్లు కాస్త వదులు చేసి, డీజిల్ చెమర్చేదాకా సెల్ఫ్ కొట్టి, మళ్ళీ బిగించాలి. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వాలి. లేకపోతే గాలి పోయేలోగా స్టార్టర్ మోటారు పోతుంది.

ఊళ్ళో బాగుంటుంది, హైవే ఎక్కితే లాగదు. ఎందుకు?

నెమ్మదిగా నడిచేటప్పుడు ఇంజన్‌కి కావలసిన డీజిల్ కొంచెమే, మూసుకుపోతున్న ఫిల్టరు గుండా కూడా అది వచ్చేస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడో వేగం పెంచినప్పుడో చాలదు. ఫిల్టరు మార్చినా తగ్గకపోతే టాంకులో పీల్చే గొట్టం చివర ఉండే జాలీ చూడాలి. ఇనప టాంకుల్లో తుప్పు పొరలు దానికి అతుక్కుంటాయి. ఇంజన్ ఆపాక అవి విడిపోతాయి, పది నిమిషాలాగి బయల్దేరితే బండి మామూలుగా నడుస్తుంది, మళ్ళీ కొంత దూరంలో అదే కథ. టాంకు గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే చేస్తుంది. బండి తడబడుతున్నప్పుడే ఆపి మూత తెరవండి. 'హుస్'మని గాలి లోపలికి పోయిందంటే దొంగ దొరికాడు.

ఒక సిలిండర్ టకటకలాడుతోంది, నల్ల పొగ. నాజిల్ ఏదో ఎలా తెలుస్తుంది?

నల్ల పొగకి ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. డీజిల్ ఎక్కువ కావడం, గాలి తక్కువ కావడం, ఈ రెండిటికీ పొగ రంగు ఒకటే. (నీలిరంగు పొగైతే అది ఇంజన్ ఆయిల్ సంగతి, ఇక్కడ వెతకొద్దు.) ఎయిర్ ఫిల్టరు బాగానే ఉంటే, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ యూనియన్ నట్టు వదులు చేస్తూ పోవాలి. మంచి సిలిండర్ నట్టు వదిలితే ఇంజన్ కుంటుతుంది. ఏది వదిలినప్పుడు టకటక ఆగి, పొగ తగ్గుతుందో ఆ నాజిల్ సరిగా చిమ్మకుండా కారుస్తోందన్నమాట. దాన్ని విప్పి టెస్టరు మీద చూపించాలి. బిగించేటప్పుడు పాత వాషర్ వాడొద్దు.

ఇది మెకానికల్ పంపు బళ్ళలో మాత్రమే చేయాలి. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. నడుస్తుండగా అక్కడ నట్టు వదిలితే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత బళ్ళలోనూ నాజిల్ ఎదుట చెయ్యి పెట్టొద్దు, లీకు వెతకడానికి అట్ట ముక్క వాడండి. డీజిల్ ఒంట్లోకి దూరిన గాయం పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, కానీ గంటల్లో ఆపరేషన్ కావాల్సి రావచ్చు. అలాంటిది జరిగితే నొప్పి లేదని ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

డీజిల్‌లో నీళ్ళు ఎక్కడివి?

సగం ఖాళీగా ఉన్న టాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలో తేమ గోడలకు పడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్ళలో మరీనూ. డీజిల్ కంటే బరువైనవి కాబట్టి నీళ్ళు అడుక్కి చేరతాయి. నీళ్ళూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. పంపులో ప్లంజరుకి, దాని గూటికి మధ్య సందు మిల్లీమీటరులో రెండు మూడు వేయో వంతులే. అక్కడ నూనె, గ్రీజు ఉండవు, డీజిలే కందెన. నీళ్ళు చేరితే తుప్పు, రాపిడి. ఫిల్టరు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ విప్పి గాజు సీసాలోకి కొంచెం పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి, అడుగున పొర కడితే తెలిసిపోతుంది. డ్రమ్ముల్లో అమ్మే డీజిల్ కొనక తప్పనివారు ఈ పని తరచు చేయాలి.

బీఎస్-6 డీజిల్ పాత పంపుని తినేస్తుందంటారు, నిజమేనా?

సగం నిజం. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్మే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో పది పాళ్ళకు మించకూడదు. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం కూడా పోతుంది. అందుకే రిఫైనరీలు దానికి మందు కలిపి, ప్రమాణం చెప్పిన మేరకు ఆ గుణాన్ని తిరిగి తెస్తాయి. కాబట్టి బంకులో పోయించుకున్న డీజిల్‌లో ఇంజన్ ఆయిలో మరొకటో కలపడం అనవసరం, నాజిల్ మొనకి మసి పట్టించుకోవడమే. రెండో సంగతి వేరు. 1993లో అమెరికాలో గంధకం తగ్గించిన డీజిల్ వచ్చినప్పుడు కొన్ని పాత బళ్ళ పంపుల్లో గట్టిపడిన రబ్బరు సీళ్ళు కుంచించుకుని కారడం మొదలుపెట్టాయి. మన పాత బండి పంపు పైనుంచి చెమర్చుతుంటే కొత్త పంపు కొనకముందు సీల్ కిట్ వేయించి చూడండి.

మరి పంపు నిజంగా పోయిందని ఎప్పుడనుకోవాలి?

పొద్దున చల్లగా ఉన్నప్పుడు చక్కగా అందుకుని, గంట నడిచి ఆపాక వేడి మీద అందుకోకపోతే. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ప్లంజరు పక్కల నుంచి జారిపోతుంది. సెల్ఫ్ వేగానికి చాలినంత ఒత్తిడి పుట్టదు. తడిగుడ్డ పంపు మీద కప్పి కాసేపాగి చూడండి. అప్పుడు అందుకుంటే అరుగుదలే. (చన్నీళ్ళు గుమ్మరించొద్దు, ఉన్న పంపు కూడా బిగుసుకుపోగలదు.) డబ్బా పరీక్షలో కూడా ఓడిపోయి, ఈ లక్షణం కూడా ఉంటే షాపుకి ఇవ్వాల్సిందే. బెంచి మీద ఏ వేగానికి ఎంత డీజిల్ ఇచ్చిందో, మరమ్మతుకి ముందూ తర్వాతా అంకెలు రాసిమ్మని అడగండి, మార్చిన భాగాలు చేతికి తీసుకోండి. విప్పేటప్పుడు పంపు ఫ్లాంజి మీదా, అది కూర్చునే చోటా కలిపి ఒక గీత గీయించండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి తిరిగి బిగిస్తే టైమింగ్ తప్పుతుంది, బాగుచేసిన పంపుతోనే పొద్దున తెల్ల పొగ మొదలవుతుంది.