మడత చాకు: ఏ గడియ గట్టిది?

మా చదువుల కేంద్రానికి ఒక అన్న వస్తారు. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తారు. గుణింతాలు అయిపోయినయి. ఒత్తుల దాకా వచ్చారు. ఒకరోజు కుడిచేతికి కట్టుతో వచ్చి కూర్చున్నారు.

"ఏమైందన్నా?" అని అడిగాను.

"చాకు ముడుచుకుంది సారూ" అన్నారు.

మందమైన అట్టపెట్టెలో చాకు మొన గుచ్చి నెట్టారట. మొన ఇరుక్కుంది. చెయ్యి మాత్రం ముందుకు పోయింది. చాకు మూసుకొని, పిడిని పట్టుకున్న వేళ్ళ మీదనే పడింది. రెండు వేళ్ళకు ఆరు కుట్లు. పదిహేను రోజులు పని లేదు. పని లేకపోతే కూలి లేదు. పెన్సిలు పట్టేది కూడా ఆ చెయ్యే.

"ఆ చాకుకు గడియ లేదా?"

"ఉన్నది సారూ. తెరిస్తే టక్కుమని చప్పుడైతది కద!"

ఆ టక్కు చప్పుడే మనల్ని మోసం చేస్తుంది. చప్పుడు అయినంత మాత్రాన గడియ పడ్డట్టు కాదు. బజారులో తక్కువ ధరకు దొరికే చాలా చాకుల్లో గడియ ఉండదు. పిడి లోపల ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది. బ్లేడు తెరిస్తే ఆ పట్టీ మీద గట్టిగా కూర్చుంటుంది. అప్పుడు వచ్చేదే టక్కు చప్పుడు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెడతాం చూడండి. ఇది అట్లాంటిదే. ఇటుక గాలిని ఆపుతుంది. మనిషి నెడితే ఆగదు.

ఇది చవక చాకుల లోపమే అనుకోకండి. స్విట్జర్లాండు దేశంలో 1897లో సైనిక అధికారుల కోసం ఒక చాకు వచ్చింది. దానికి లోకమంతా పేరుంది. ఆ చాకుల్లో మామూలు రకాలకు కూడా బ్లేడుకు స్ప్రింగే ఉంటుంది, గడియ ఉండదు. పండు కోయను, దారం తెంపను అది చాలు. మొన గుచ్చి నెట్టే పనికి పనికిరాదు.

చాకుకు పదును ఒక వైపు, వీపు ఒక వైపు ఉంటాయి. పదును వైపు నొక్కి కోస్తే బ్లేడు ఇంకా తెరుచుకోవాలని చూస్తుంది. భయం లేదు. వీపు మీద బరువు పడితేనే ముడుచుకోవాలని చూస్తుంది. అప్పుడు ఆపేది గడియ ఒక్కటే. దాని మీద ఎంత బరువు పడుతుందో లెక్క వేద్దాం.

బ్లేడు ఒక చీల మీద తిరుగుతుంది. ఆ చీల నుంచి మొన 9 సెంటీమీటర్ల దూరం. చీల నుంచి గడియ ఆనే చోటు 1 సెంటీమీటరే. మొన దగ్గర వీపు మీద 5 కిలోల బరువు పడింది అనుకోండి. గడియ మీద 9 రెట్లు పడుతుంది. 5 ను 9 తో గుణిస్తే 45 కిలోలు! గడ్డపారతో పెద్ద బండను లేపుతాం కదా. ఇక్కడా అదే బలం. కాకపోతే ఇక్కడ మన వేళ్ళకు ఎదురు తిరుగుతుంది.

ఇక నిజమైన గడియలు చూద్దాం.

ఒకటి, తిరిగే కట్టు. ఫ్రాన్సులో ఒపినెల్ అనే చాకు 1890లో పుట్టింది. కట్టెపిడి చాకు. దానికి 1955లో పిడి మెడ దగ్గర తిరిగే ఇనుప కట్టు పెట్టారు. చాకు తెరిచి కట్టును తిప్పితే బ్లేడుకు దారి మూసుకుపోతుంది. చూడను సాదాగా ఉంటది కాని గట్టిది. అయితే కట్టు దానంతట అది తిరగదు. మనం తిప్పాలి. మరిచిపోతే గడియ లేనట్టే.

రెండోది వీపు గడియ. పిడి వీపు పొడుగునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని చివర ఒక పన్ను. చాకు తెరవగానే ఆ పన్ను బ్లేడు మడమలో ఉన్న గాడిలో పడుతుంది. కడ్డీని వెనక నొక్కితేనే పన్ను లేస్తుంది. 1964లో అమెరికాలో బక్ కంపెనీ తెచ్చిన చాకుతో ఈ రకానికి బాగా పేరు వచ్చింది. బాగా చేసినది చాలా బరువు ఆపుతుంది. దీని శత్రువు మురికి. గోనెసంచి పీచు, గ్రీజు, దుమ్ము గాడిలో చేరితే పన్ను సగమే దిగుతుంది. పైకి మాత్రం పడినట్టే కనిపిస్తుంది. ఇంకొక మాట. పిడిని మరీ గట్టిగా పిసికి పట్టుకుంటే అరచెయ్యి తగిలి కడ్డీ నొక్కుకుపోవచ్చు.

మూడోది రేకు గడియ. పిడి లోపలి రేకు ఒకటి స్ప్రింగు లాగా పక్కకు జరిగి బ్లేడు మడమ వెనక నిలబడుతుంది. తలుపు వెనక కర్ర ఆనించినట్టు. ఇది పాత ఆలోచనే. 1980ల మొదట్లో మైకేల్ వాకర్ అనే అమెరికా పనివాడు దీన్ని మెరుగు చేశాడు. ఒక చేత్తో తెరిచి మూయవచ్చు. అందుకే చాలామందికి ఇష్టం. కాని రేకు పలచగా ఉన్నా, మడమ అంచుకు కొంచెమే ఆనినా నమ్మరాదు. మెల్లగా నొక్కితే ఆగుతుంది. ఒక్కసారి అదిరితే జారుతుంది. పిడిని మెలితిప్పినా జారవచ్చు. మందమైన రేకు, మడమకు నిండుగా ఆనినది అయితే మంచిదే.

నన్ను అడిగితే రకం కన్నా అమరిక ముఖ్యం. చీల వదులైతే ఏ గడియా ఆదుకోదు.

కొనే ముందు పరీక్ష చేయవచ్చు. పదును వైపు మందమైన గుడ్డ చుట్టండి. పిడిని రెండు పక్కల నుంచే పట్టుకోండి. బ్లేడు మడిచే సందులో వేలు ఉండకూడదు. బ్లేడు వీపును చెక్కకు ఆనించి మెల్లగా నొక్కండి. కొంచెం కదిలినా వద్దు. చెక్కకేసి కొట్టి చూడకండి. కొడితే మంచి గడియ కూడా చెడుతుంది.

ఆ అన్న మరునాడు తన చాకు తెచ్చారు. అందరి ముందు గుడ్డ చుట్టి, పలక చట్రానికి ఆనించాం. రెండు వేళ్ళతో నొక్కితేనే ముడుచుకుంది. "మా ఇంట్ల కత్తిపీట నయం, మడవదు, ఇరగదు" అని ఒక అక్క అన్నది. అందరూ నవ్వారు. కాని అక్క మాట నిజం. కొడవలి మడవదు. తాటిచెట్టు ఎక్కే గౌడన్న కత్తి మడవదు. మడత లేని కత్తికి గడియతో పనే లేదు. దాన్ని పెట్టను ఒర కావాలి, అంతే.

కట్టు విప్పినంక అన్న ఆ చాకును పారేయలేదు. ఇంట్లో దారాలు తెంపను ఉంచుకున్నారు. పనికి మాత్రం ఒరలో పెట్టిన చిన్న కత్తి తీసుకుపోతున్నారు. ఒత్తులు మళ్ళీ మొదలుపెట్టినం. చిటికెన వేలు ఇంకా సరిగా వంగుతలేదు.