ఎముక ఖనిజంతో నానో దారాలు: మెత్తటి జెల్‌కి బలం ఎలా వస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలుపెడతాను. మొన్న కోనసీమలో మా ఊరెళ్తే, మా నాయనమ్మ ఫోన్ నా చేతికిచ్చి, "ఒరేయ్, ఈ నానో జెల్ రాస్తే మోకాలి గుజ్జు మళ్లీ వస్తుందంట, తెప్పించరా" అంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే నానో జెల్ అంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది. అదే మీకూ చెబుతాను.

ముందు హైడ్రోజెల్ సంగతి. సబ్జా గింజలు నీళ్లలో వేస్తే చుట్టూ ఒక జిగురు పొర ఉబ్బుతుంది కదా, అది హైడ్రోజెలే. పొడవాటి అణువులు వలలా అల్లుకుని, ఆ వలలో నీళ్లని పట్టి ఉంచుతాయి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు కూడా ఈ జాతివే. మన ఒంట్లోనూ ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి కణాలు ఇందులో బాగా బతుకుతాయి. అందుకే ఎముకలో, గుజ్జులో పడిన ఖాళీల్ని దీంతో నింపాలని సైంటిస్టుల ప్రయత్నం.

చిక్కెక్కడంటే, దీనికి బలం లేదు. సబ్జా గింజని వేళ్లతో నొక్కి చూడండి, చితికిపోతుంది. మరి మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద మన బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుంది!

దీనికి పరిష్కారం మా నాయనమ్మకే తెలుసు. మట్టి గోడ పెట్టేటప్పుడు బురదలో ఎండుగడ్డి వేసి తొక్కేవాళ్లు. ఉత్త మట్టి ఎండితే నెర్రెలిస్తుంది. గడ్డి ఉంటే, పోచ నెర్రెకి అటూ ఇటూ పట్టుకుని దాన్ని పెరగనివ్వదు. పొడి కలిపితే ఈ పని జరగదు, పొడవు కావాలి. జెల్‌లోనూ అంతే. అందులో వేసే గడ్డి పోచలే ఖనిజ నానో దారాలు.

ఏ ఖనిజం? హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసినది. మన ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఈ రకం ఖనిజమే.

దీన్ని దారంగా ఎలా తీస్తారు? షాంఘైలోని సిరామిక్స్ పరిశోధనా సంస్థ వాళ్ల పద్ధతి చెబుతాను. వేరుశనగ నూనెలోనూ ఉండే ఒలీయిక్ ఆమ్లాన్ని కాల్షియంతో కలుపుతారు. దానికి ఫాస్ఫేట్ చేర్చి, గట్టిగా మూసిన ఉక్కు పాత్రలో సుమారు 180 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచుతారు. కాల్షియం నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి స్ఫటికం ఒకే దిక్కున పొడవుగా పెరుగుతుంది. మందం 10 నానోమీటర్ల దగ్గర, పొడవు 100 మైక్రోమీటర్ల పైన. అంటే పోచ మందం ఒక మిల్లీమీటరైతే పొడవు 10 మీటర్లన్నమాట! 2014లో వీళ్లు ఈ దారాలతో మంటకి కాలని కాగితం కూడా చేశారు.

తర్వాత దారాల మీది జిడ్డు కడగాలి. లేకపోతే జెల్‌లో ఉండలు కడతాయి. ఉండ ఉన్న చోటే పగులు మొదలవుతుంది. మరీ ఎక్కువ కలిపితే జెల్ పెళుసవుతుంది.

ఇక్కడ మన గోదావరి మనిషి ఒకాయన గుర్తొస్తారండి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణం ఎంత ముదురు నీలంగా మారితే అంత ఫాస్ఫరస్ ఉన్నట్టు. దారం ఎంత కరిగి ఎంత ఫాస్ఫేట్ వదిలిందో ఇలాంటి రంగు పరీక్షతోనే పట్టుకోవచ్చు.

కరగడం ఎందుకంత ముఖ్యం? మన ఊళ్లలో పాత సిమెంటు రేకుల షెడ్లు చూశారు కదా. వాటికి బలమిచ్చిన ఆస్‌బెస్టాస్ కూడా ఖనిజ పోగే. కిటుకు అదే. కానీ ఆ పోగు పీల్చితే ఊపిరితిత్తుల్లో కరక్క ఏళ్ల తరబడి ఉండిపోయి క్యాన్సర్ తెస్తుంది. (ఆ రేకుల్ని కోయకండి, పగలగొట్టకండి.) ఎముక ఖనిజాన్ని మాత్రం మన ఒంట్లోని కణాలే కరిగించుకోగలవు. అయినా సన్నటి పొడవాటి దారం కాబట్టి దేనికది పరీక్షించాల్సిందే. ల్యాబులో పొడి ఎగరకుండా జాగ్రత్తపడాల్సిందే.

ఇప్పుడు నాయనమ్మ ప్రశ్నకొద్దాం. ఈ దారాల జెల్‌ల మీద పని ఎక్కువగా ల్యాబుల్లో, జంతువుల మీద పరీక్షల్లోనే నడుస్తోంది. రేపు వచ్చినా డాక్టర్ కీలు లోపల పెట్టాల్సిందే. పైన రాస్తే చర్మం దాటి వెళ్లి గుజ్జుగా మారదు.

అంతా విని నాయనమ్మ, "అయితే గోడ లోపల తొక్కాల్సిన గడ్డిని వీడు పైన అంటించమంటున్నాడన్నమాట!" అంది. అంతేనండి. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఫార్వర్డ్ వస్తే, డబ్బు కట్టేముందు ఈ ఒక్క మాట చెప్పండి. నొప్పుంటే ఎముకల డాక్టర్‌కి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!